అక్క కంటి లోపలి ఫొటో

ఈ రోజు మా అక్కను జనగామలో కంటి దవాఖానకు తీసుకెళ్లాను. అక్క జాకెట్లు కుడుతుంది. కొన్నాళ్లుగా సూదిలో దారం ఎక్కించలేకపోతోంది. అద్దాలు ఇస్తే సరిపోతుందనుకున్నాం.

అక్కడ కంటి లోపలి నరాన్ని ఫొటో తీసే మిషను ఉంది. ఫొటో అనగానే అక్క తల దువ్వుకుని, కొంగు సర్దుకుని కూర్చుంది.

"అది మొకం ఫొటో కాదక్కా, నవ్వకు, పండ్లు పడవు" అన్నాను.

మెరుపు మెరిసింది, రంగు కాగితం బయటికొచ్చింది. వెంట్రుకంత రక్తనాళం కూడా తేటగా పడింది. డాక్టరమ్మ దాన్ని చూసి, నరం ఎండిపోయిందని, అద్దాలు పెట్టినా, ఆపరేషన్ చేసినా పోయిన చూపు రాదని చెప్పింది. ఉన్న కాస్త చూపు నిలబడడానికి చుక్కల మందు రాసింది.

బయటికొచ్చాక అక్క కాగితం నా చేతిలో పెట్టింది.

"మంచిగ పడ్డదారా తమ్మీ?"

"మస్తు పడ్డదక్కా. మిరప కల్లం లెక్క ఎర్రగున్నది."

"అయితే లామినేషన్ చేపియ్యి. బతుకమ్మకు జాకెట్లు కుట్టనిచ్చినోళ్లకు చూపెడ్త. లేకుంటే దీనికి బద్ధకం పట్టిందంటరు."

చేయించాను. అంత సన్నని నరాన్ని ఫొటో తీయడం కనిపెట్టిన మహానుభావులు దానికి ప్రాణం పోసేది ఎప్పుడు కనిపెడతారో, తెలిసినవాళ్లు కింద రాయండి. మా గల్లీ అక్కలూ, మీ గుడ్డలు రేపు వచ్చి తీసుకుపోండి. రుజువుకని ఫొటో అడక్కండి.