ఆ చెవి ఎవరిది?

ఆసుపత్రి రక్తపరీక్షల ల్యాబులో కంప్యూటర్లు చూసుకునే ఆమెను అందరూ ‘గొళ్ళెం’ అనేవారు. ఇంటికి తాళం వేసి మెట్లు దిగాక మళ్ళీ పైకెక్కి లాగి చూసే మనిషి. కింద స్కూటర్ మీద కూర్చున్న భర్త, “దొంగలు కూడా నీకు దడిసి ఊరు మారారు, రావే తల్లీ!” అనేవాడు.

ఒకరోజు పొద్దున్నే, పక్కవీధి క్లినిక్ కంప్యూటర్లలోకి ఎవరో చొరబడి రోగుల వివరాలన్నీ ఎత్తుకుపోయారని తెలిసింది. ఇక ఆమెకు కాలు ఒకచోట నిలవలేదు. తన ల్యాబులో ఏ పోర్టులు తెరిచి ఉన్నాయో చూసింది. పోర్టంటే బయటి కబురు లోపలి ప్రోగ్రాముకు చేరే దారి. ఆ దారి దగ్గర ఏదో ఒక ప్రోగ్రాము చెవి ఒగ్గి కూర్చుంటుంది. ఒకటా రెండా, వెతికేకొద్దీ బయటపడ్డాయి. ముందూ వెనకా చూడకుండా అన్నీ మూసేసింది.

కాసేపటికే ల్యాబు డాక్టరమ్మ విసవిసా వచ్చింది.

“ఏం చేశావమ్మా? మిషన్ నుంచి వార్డుకి ఒక్క రిపోర్టూ పోవట్లేదు. పేషెంటుకి పొటాషియం ఎంతుందో తెలీక అక్కడ చేతులు నలుపుకుంటున్నారు!”

“తెరిచుంటే ప్రమాదం కదా మేడమ్...”

“ఈగలు దూరతాయని నోరు కుట్టేసుకుంటామా?”

డాక్టరమ్మే రిపోర్టు కాగితం పట్టుకుని వార్డుకు పరుగెత్తింది. రోగికి ఏమీ కాలేదు గానీ, గొళ్ళేనికి ఆ మధ్యాహ్నం అన్నం సహించలేదు. ఈసారి వింటున్నది ఏ ప్రోగ్రామో, ఎవరి కోసమో ఒక్కొక్కటే విచారించింది. రిపోర్టులు పంపేది ఉండాల్సిందే, దాన్ని మళ్ళీ తెరిచింది. అది వార్డు మాట తప్ప ఇంకెవరి మాటా వినకుండా కట్టడి చేసింది. ప్రింటరుది బయటివాళ్ళకు కనబడకుండా చేసింది. ఒక్కటి మాత్రం ఎవరిదో అంతుపట్టలేదు. డాక్టరమ్మను అడిగింది.

ఆమె నుదురు రుద్దుకుంది. “మిషన్ బాగుచేసే ఆ పొడుగాయన లేడూ? అస్తమానం రాలేను, దూరం నుంచే చూసుకుంటానని ఏదో పెట్టాడు. నేనే సరేనన్నాను. ఆయన మానేసి చాలాకాలమైందిగా.”

దానికి పాస్‌వర్డ్ కూడా లేదు. బయటినుంచి ఎవరు తట్టినా కంప్యూటర్ మొత్తం వాళ్ళ చేతికిచ్చేస్తుంది. గొళ్ళెం దాన్ని పీకేసింది.

“పోయింది కదా, ఇంకా ఆ మొహమేంటి?”

“ఇన్నాళ్ళలో ఎవరైనా వచ్చి వెళ్ళారేమో మేడమ్. పాత రాకపోకల జాడలేవీ కంప్యూటర్లో మిగల్లేదు. ఇక తెలీదు.”

డాక్టరమ్మ కుర్చీ లాక్కుని కూలబడింది. సాయంత్రం ఇద్దరూ ఆసుపత్రి పెద్ద దగ్గరికి వెళ్ళి ఉన్నదున్నట్టు చెప్పారు.

“ఎవరో వచ్చారని రుజువేం లేదుగా?” అన్నాడాయన.

“రాలేదనీ లేదు సార్,” అంది గొళ్ళెం.

ఆయన మిగతా గదుల కంప్యూటర్లన్నీ ఇలాగే వెతకమన్నాడు.

మర్నాడు ఎక్స్‌రే గదిలో మొదటి కంప్యూటర్ ముందు కూర్చుని, తెరిచి ఉన్న పోర్టులు ఒక్కొక్కటే చూడసాగింది.

“ఏమైనా ఉందా అక్కా?” అన్నాడు ఎక్స్‌రే తీసే అతను.

“ఉంది. నీదేనా చెప్పు,” అంటూ ఆమె తెరను అతనివైపు తిప్పింది.