చెవులోడికి అత్త చూపిన మూల

మా అత్త పోయి ఇరవై రెండు రోజులైంది. మధ్యాహ్నం నేను ఆఫీసులో ఉండగా మా అమ్మాయి ఫోన్ చేసి, "అమ్మా, అవ్వ పలకడంలే" అంది. ఎండలో నడిచి ఇల్లు చేరేసరికి పక్కింటివాళ్లు ఆమె కాళ్లు చక్కగా చాపి, దుప్పటి కప్పి ఉంచారు. నాకు ఏడుపు రాలేదు. నిజం చెప్పాలంటే, ఎక్కడైనా కాసేపు కూర్చుంటే చాలనిపించింది. అంత అలిసిపోయి ఉన్నాను.

పోయినవాళ్ల గురించి రాసేటప్పుడు గొప్ప సంగతులు చెబుతారు. మా అత్త దగ్గర అట్లాంటివేమీ లేవు. యాడికి అనే ఊరి దగ్గర పల్లెలో ఆవుల మధ్య, మేకల మధ్య బతికిన మనిషి. వానను నమ్ముకుని వేరుశనగ వేసి, ఎన్నో ఏండ్లు అది ఎండిపోవడం చూసి, మోకాళ్లు అరిగాక కొత్తచెరువు ఊళ్లో మా ఇంటికి వచ్చింది. ఆమె అనగానే నాకు మొదట గుర్తొచ్చేది ఒక కుందేలుకు దొడ్డికి పోవడం నేర్పిన సంగతి. నవ్వుకుంటే నవ్వుకోండి.

ఆ కుందేలును మా అమ్మాయి స్నేహితురాలు ఇచ్చింది. వాళ్లు బెంగళూరుకు ఇల్లు మారుతూ దాన్ని మా మీదికి తోశారు. బోను కొందామంటే అత్త ఒప్పుకోలేదు. "దేవుడు దానికి కాళ్లెందుకిచ్చినాడు? తిరగనీ" అంది. చెవులోడు అని పేరు కూడా ఆమే పెట్టింది. వాడు తిరిగాడు. బీరువా వెనక, బియ్యం డ్రమ్ము పక్కన, ఎక్కడ చూసినా మిరియాల్లాంటి ఉండలు. ఉచ్చ వాసన సంగతి చెప్పనక్కర్లేదు. మా వీధికి కుళాయి రెండు రోజులకొకసారి వస్తుంది. మా ఆయన వారమంతా గోరంట్ల వైపు పని మీదే ఉంటాడు. ఆఫీసు నుంచి వచ్చి, చేతిసంచి కూడా దించకుండా నేల తుడవడమే నా పని అయింది. వారం ఓర్చుకుని చెప్పేశాను, అమావాస్య లోపల ఇది ఒకచోట పోసుకోవడం నేర్చుకోకపోతే బయట వదిలేస్తానని. మా వీధిలో కుక్కలెన్నో మా అమ్మాయికి తెలుసు. ఆ పూట పిల్ల అన్నం తినలేదు.

నేనూ ప్రయత్నించకపోలేదు. ఇట్లాంటి పని జరగాల్సింది బాత్రూమ్ దగ్గరే కదా అని, ఒక ప్లాస్టిక్ తొట్టిని ఆ తలుపు పక్కన పెట్టాను. చెవులోణ్ణి పట్టుకొచ్చి అందులో కూర్చోబెట్టేదాన్ని, వాడు దూకేవాడు. రోజూ తొట్టిని ఫినాయిలుతో తళతళలాడేట్టు కడిగేదాన్ని కూడా. మూడు రోజులు మంచం మీది నుంచి చూసి అత్త నోరు తెరిచింది.

"ఏమ్మీ, అది యాడ పోస్తాదో ఆడికి తొట్టి పోవాల. తొట్టి కాడికి అది రాదు."

వాడు ఎక్కువగా పోస్తున్నది అత్త మంచం కాళ్లవైపు మూలలో. ఆ మూలకు పైనే దేవుని పటాలు.

"పటాల కిందనా అత్తా?" అన్నాను.

"ఆవుల కాడ పెరిగిన దేవుడు, ఏమనుకోడులే. నీకంత ఇబ్బందైతే పటాలు జరుపు."

పటాలు వంటింట్లోకి జరిపాను. తొట్టిలో ఆమె చెప్పినట్టే వేరుశనగ పొట్టు పోశాను. మరుసటి రోజు ఫినాయిలు సీసా తీయగానే మళ్లీ అడ్డుపడింది. "ఆ వాసనకు నేనే నిలబడలేను, అదెట్ల కూర్చుంటాది? నాలుగుండలు ఆడనే ఉండనీ. ఇది నా చోటని దానికి తెలియాల." తినేటప్పుడే వాడు ఉండలు వేస్తాడని కనిపెట్టింది కూడా ఆమే. వేరుశనగ కాయలు కోసుకున్నాక మిగిలే ఎండు తీగను తొట్టి అంచున కట్టించింది. వాడు తొట్టిలో కూర్చుని తీగ నములుతూ పని కానిచ్చేవాడు. బయట పడ్డవాటిని ఆమే కాగితం ముక్కతో ఏరి తొట్టిలో వేసేది. ఆ మోకాళ్లతో వంగడానికి ఎంతసేపు పట్టేదో. నేను ఏరతానన్నా వినేది కాదు.

ఒకరోజు పరుపు మీద పోశాడని చప్పట్లు కొట్టి గట్టిగా అరిచాను. ఆ పగలంతా బీరువా వెనక నుంచి వాడు బయటికి రాలేదు. అత్త నన్ను తిట్టలేదు. "బెదిరిస్తే మానుకోదమ్మీ, దాచుకుంటాది" అంది, అంతే.

అమావాస్య వచ్చి పోయింది. రోజుకు రెండు మూడు ఉండలు బయట పడుతూనే ఉన్నాయి. నేను ఆ మాట ఎత్తలేదు.

ఈ ఎండాకాలం మొదట్లో అత్తకు ఉచ్చ ఆగకుండా పోయింది. రోజుకు రెండు దుప్పట్లు, ఒక్కోసారి మూడు. కుళాయి మాత్రం రెండు రోజులకొకసారే. ఒక సాయంత్రం తడి దుప్పటి లాగుతూ, "వరండాలో మంచం వేస్తే కడగడానికి సులువు కదా అత్తా" అన్నాను. అరవలేదు, మామూలుగానే అన్నాను. అరిచినా బాగుండేదేమో.

ఆమె గోడవైపు తిరిగి, "నీ ఇష్టం. ఒక నాలుగు దినాలు చూడమ్మీ" అంది.

నాలుగు రోజుల్లోనే దుప్పట్లు ఆరిపోయాయి. డాక్టరు రాసిచ్చిన మాత్రలు పనిచేశాయనుకున్నాను. మంచం లోపలే ఉంది. పొద్దున పోతూ చెంబు నిండా నీళ్లు పెట్టేదాన్ని, వచ్చేసరికి ఖాళీ అయ్యేది. మళ్లీ నింపేదాన్ని, అదీ ఖాళీ అయ్యేది. పోవడానికి వారం ముందు డాక్టరు నాలుక చూసి, "నీళ్లు తాగుతోందా?" అని అడిగాడు. రోజుకు నాలుగు చెంబులని ధైర్యంగా చెప్పాను. ఆయన ఇంకోసారి నాలుక చూసి సెలైన్ పెట్టించమన్నాడు. రెండు సీసాలు ఎక్కించారు. మనిషి తేరుకోలేదు.

దినకర్మకు ముందు ఇల్లంతా కడుగుతున్నాం. ఆమె మంచం పక్కనే ఉన్న కిటికీని బయటినుంచి తుడవడానికి మా అమ్మాయి ఇంటి వెనక్కి వెళ్లింది. అక్కడ ప్రహరీకీ ఇంటి గోడకూ మధ్య మూరెడు మట్టి నేల, ఈ ఎండలకు ముళ్ల కంప కూడా బతకదు.

"అమ్మా, ఈడ ఇంత గడ్డి ఎట్ల మొలిసినాది?"

వెళ్లి చూశాను. కిటికీకి సరిగ్గా కింద, చెయ్యి చాపి చెంబు వంచితే ఎంత దూరం పడుతుందో అంత మేర గరిక దట్టంగా ఉంది. చివర్లు పసుపు తిరుగుతున్నా మొదళ్లు ఇంకా పచ్చగానే ఉన్నాయి. అక్కడ కుళాయి లేదు, కాలువ లేదు. నేను నింపి ఇచ్చిన నీళ్లన్నీ అక్కడ ఉన్నాయి. నా ఇంటి లోపల ఉండడానికి ఆమె దప్పికతో పడుకుంది. నేను దుప్పట్లు ఆరాయని సంతోషపడ్డాను.

అక్కడే మట్టిలో కూర్చుండిపోయాను. ఏడుపు అప్పుడు వచ్చింది. మా అమ్మాయికి ఏమీ చెప్పలేదు. అది పిడికెడు గరిక కోసుకుని చెవులోడి కోసం లోపలికి వెళ్లింది.

రోజూ ఆఫీసు నుంచి వచ్చాక ఆ గడ్డికి ఒక చెంబు నీళ్లు పోస్తున్నాను. మొన్న కుళాయి రాలేదు. ఇంట్లో ఒక బిందె మిగిలింది. అందులోంచే పోశాను.