రాజమౌళి సేటు ముడి

జనగామ మార్కెట్లో తాళ్ళు, గోనెసంచులు అమ్మే రాజమౌళి సేటుకు లోకంలో ఉన్న ముళ్ళన్నీ తప్పుగానే కనిపిస్తాయి, తాను కట్టినవి తప్ప.

ఎదుటి మనిషి ముఖం కంటే ముందు ఆయన బూట్ల లేసులు చూస్తాడు. పావుకిలో మైసూర్‌పాకు కొన్నా సరే, పొట్లం దారం విప్పి తన పద్ధతిలో మళ్ళీ కట్టుకుంటేగాని మిఠాయి దుకాణం మెట్లు దిగడు. మేనకోడలు సాయిప్రియ పెండ్లిలో పిల్లవాడు మూడు ముళ్ళు వేస్తుంటే, అక్షింతలు పట్టుకున్న జనం నడుమ నుంచి ఈయన గొంతు లేచింది.

"పంతులుగారూ, రెండోది జర వదులుగున్నది. మళ్ళొకసారి ఏపియ్యుండ్రి."

ఆ పెండ్లికొడుకు నేటికీ ఈయన గడప తొక్కలేదు.

తోడల్లుడు పోయిననాడు కూడా పాడె పక్కన కూచుని తాళ్ళన్నీ ఒక్కొక్కటే లాగి చూశాడు. "ఏంది సేటూ, గిప్పుడు గూడనా?" అన్నారు మోసేవాళ్ళు. "నడుమ తొవ్వల ఇప్పుకున్నదనుకో, ఆయన లేచి నన్నే తిడ్తడు" అన్నాడు రాజమౌళి. బతికున్నన్నాళ్ళూ ఆ తోడల్లుడు చేసిన పని అదే కనక ఎవరూ కాదనలేదు.

ఇవన్నీ ముప్పై రెండేళ్ళుగా చూస్తూ వచ్చిన మనిషి ఆయన భార్య రుక్మిణి. మిగతా రోజులు ఎట్లాగో గడుస్తాయి. ఆమెకు అసలు కష్టం పంద్రాగస్టు.

జెండాలో బంతిపూల రెక్కలు పోసి, మడిచి, చిన్న మూటగా కట్టి పైకి ఎక్కిస్తారు. పైకి చేరాక తాడును ఒక్క గుంజు గుంజితే ముడి వీడి, పూలు రాలి, జెండా ఎగరాలి. వీడలేదో, వచ్చిన పెద్దమనిషి మెడ పైకెత్తి తాడుతో కుస్తీ పడుతుంటాడు. జనగణమన ఎత్తుకోవాలో వద్దో తెలియక పిల్లలు నోళ్ళు తెరిచి నిలబడతారు. రాజమౌళి ముడికి అటువంటి చరిత్ర లేదు. గిలక నుంచి కిందికి దిగే రెండు పాయల్లో ఏది లాగినా, ఎవరు లాగినా, మల్లెమొగ్గలా విచ్చుకుంటుంది.

"ముడి ఎవడన్నా కడ్తడు. ఇప్పుకునేటట్టు కట్టుడే ఇద్దె" అనేవాడు. రోజుకు నాలుగుసార్లు అనేవాడు.

ఆ విద్య కోసం పంద్రాగస్టునాడు పొద్దున ఆరింటికే స్కూటరు తీసేవాడు. వెనక రుక్మిణి, ఆమె ఒళ్ళో పూల సంచి. వర్తక సంఘం, ఆటో అడ్డా, కాలేజీ, రైస్‌మిల్లు, కొత్త కాలనీలు. జెండా జెండాకు ఒక బూందీ పొట్లం. సంచిలో పూలు తగ్గుతుంటే బూందీ పెరిగేది. ఆ తర్వాత వారం రోజులు ఇంట్లో టిఫిను బూందీయే.

"సుట్టాలు అడిగితే మా నాయిన చెప్పిండు, పిలగాడు దుకాణదారుడని. జెండాలు కట్టేటోడని చెప్పలే" అనేది రుక్మిణి.

ఈసారి పంద్రాగస్టుకు రెండు రోజుల ముందు కమ్లీ దుకాణానికి వచ్చింది. రఘునాథపల్లి అవతల ఒక తండాకు మొన్న చలికాలంలో సర్పంచ్‌గా గెలిచిన మనిషి.

"సేటూ, మా పంచాయితి జెండ ముడి నువ్వే కట్టాలె."

"ఎందుకు, మీ కాడ మనుషులు లేరా?"

"ఉన్నరు. చబ్బీస్ జనవరికి కట్టిండ్రు. గుంజిన, గుంజిన, రాలె. జైపాల్ సారు నా చేతులకెల్లి తాడు గుంజుకొని, ఒకన్ని కర్ర ఎక్కిచ్చి ఇప్పిచ్చిండు. ఆడోళ్ళ చేతికిస్తె గిట్లనే అయితదన్నడు. తండల నన్ను సర్పంచి అంటలేరు సేటూ, ముడి కమ్లీ అంటున్నరు. గీసారి గూడ పడ్డదనుకో, ఇగ నా మాట ఎవలింటరు?"

జైపాల్ మండలంలో పలుకుబడి ఉన్న కాంట్రాక్టరు. రుక్మిణి అయ్యో అన్నది. రాజమౌళి మాత్రం అడగవలసిందే అడిగాడు.

"తాడు నూలుదా, నైలానుదా?"

"నైలాన్."

"కట్టిందెవరు?"

"జైపాల్ సారు మనిషే."

రాజమౌళి "ఊఁ" అన్నాడు. దుకాణం స్తంభానికి తాడు వేసి, గంటసేపు ఆమె చేత ముళ్ళు కట్టించి విప్పించాడు. కట్టినప్పుడల్లా తప్పు పట్టాడు.

పంద్రాగస్టునాడు ఆ తండా జెండా పదకొండోది, ఆఖరుది. వాన లేదు. రాజమౌళి జెండా మడిచి ముడి కట్టి పైకి లేవబోతుండగా పంచాయితీ కార్యదర్శి సురేందర్ పరుగున వచ్చాడు.

"సేటూ, జైపాల్ సారొచ్చిండు. జెండ ఆయనే ఎగరేస్తడట."

కొత్త చీర కట్టుకుని గద్దె పక్కన నిలబడ్డ కమ్లీ కొంగు చివర పట్టుకుని నలపసాగింది.

"ఆగు, పూలు తక్కువైనయ్" అన్నాడు రాజమౌళి. ముడి విప్పి మళ్ళీ కట్టాడు. రుక్మిణి ఆశ్చర్యపోయింది. తన ముడిని తానే విప్పి కట్టడం ఆమె ఏనాడూ చూడలేదు. పైగా పూల సంచి ఆమె చేతిలోనే ఉంది. ఆయన ఒక్క రెక్క కూడా అడగలేదు. గద్దె దిగుతూ కమ్లీ చెవిలో ఏదో అన్నాడు.

జైపాల్ తాడు అందుకున్నాడు. మూట పైకి పోయింది. గుంజాడు. రాలేదు. రెండు చేతులా, బావిలో బొక్కెన తోడినట్టు గుంజాడు. ఒక్కో పాయా చుట్టుకుని వెనక్కి వాలాడు. కర్ర ఊగింది గాని మూట మూటగానే ఉంది.

ముందు వరసలో ఉన్న సక్రి అవ్వ, కమ్లీ మేనత్త, నిమ్మళంగా అన్నది: "ముడి జైపాల్!"

తండా అంతా ఘొల్లుమన్నది.

"ఎవడు కట్టిండ్రా గీ ముడి?" అరిచాడు జైపాల్.

"నేనే సార్" అన్నాడు రాజమౌళి. "ముసలి చేతులు, తప్పయింది. సర్పంచమ్మను ఒక చెయ్యి ఎయ్యమనుండ్రి, మీ అంగీ కరాబైతది."

కమ్లీ వచ్చింది. రెండు పాయలూ పూర్తిగా వదులు చేసింది. తర్వాత ఎడమదాన్ని రెండు వేళ్ళతో, పసిపిల్ల జడకున్న రిబ్బను లాగినట్టు లాగింది. పూలు జైపాల్ నెత్తిన కూడా పడ్డాయి.

తిరుగుదారిలో రుక్మిణి రెండుసార్లు అడగబోయి ఊరుకుంది. మర్నాటికి మార్కెట్టంతా తెలిసింది.

"ఏం సేటూ, పడ్డదట గదా ముడి!" అన్నాడు పక్క దుకాణం శ్రీధర్.

"నైలాన్ తాడు. ముసలోన్నైన శ్రీధర్."

"ఇప్పుకునేటట్టు కట్టుడే ఇద్దె అంటివి?"

రాజమౌళి నవ్వి సుతిలి ఉండ చుట్టుకున్నాడు. రుక్మిణికి నాలుక దురద పుట్టింది. ఆయన ఆమె వంక చూశాడు. ఆమె నోరు మూసుకుంది.

పది రోజుల తర్వాత తండా నుంచి ఆటోలో దుకాణం ముందు ఒక సంచి దిగింది. కమ్లీ పంపిన పచ్చి మక్క కంకులు. రుక్మిణి మూతి తాడు పట్టుకుని గుంజింది. బిగుసుకుంది. ఇంకా గట్టిగా గుంజింది. ఇంకా బిగుసుకుంది. కత్తెర అందుకోబోయింది.

"అద్దద్దు" అంటూ రాజమౌళి కళ్ళజోడు పెట్టుకుని వంగాడు. ముడిని అటు తిప్పి ఇటు తిప్పి చూశాడు. ఇగ తప్పు చెప్తడు అనుకుంది రుక్మిణి.

"మంచిగనే కట్టింది" అన్నాడు ఆయన.

రుక్మిణి అక్కడే చతికిలబడింది. మరొకరి ముడిని ఆయన మెచ్చుకోగా వినడం ఆమెకు ఇదే మొదలు.

"వదులు చేసి, ఎడమది మెల్లగ గుంజు" అన్నాడు. గుంజింది. విచ్చుకుంది.

"అంటే ఆనాడు..."

"కంకులు కాల్చు పో" అన్నాడు రాజమౌళి.

కంకులు కాలుతుండగా శ్రీధర్ వాసన పట్టుకుని వచ్చాడు. రాజమౌళి ఎప్పటిలాగే ఆయన ముఖం చూడలేదు.

"కంకి తర్వాత. ముందు గా లేసు కట్టుకో."