లేదన్న క్రేన్

విమానాన్ని ఆపిన మొనగాణ్ణి నేను. వైమానిక దళం వాళ్ల పెద్ద విమానం సూరత్‌లో దిగాల్సిన రోజున దిగకుండా చేశాను. అదీ ఊరి పక్క ఇచ్ఛాపూర్‌లోని నా క్రేన్ల షెడ్డులో కుర్చీలోంచి లేవకుండా, ఒక్క ఫోన్‌తో.

కరోనా రెండో విడత రోజులు. ఎక్కడ చూసినా ఆక్సిజన్‌కి కటకట. ఖాళీ ట్యాంకులను విమానంలో తెచ్చి సూరత్‌లో దించుతారు. దగ్గర్లోని హజీరా ఫ్యాక్టరీలో ఆక్సిజన్ నింపి, లారీల మీద రోడ్డున పంపుతారు. నిండు ట్యాంకును గాల్లోకి ఎక్కించకూడదట. దించడానికి క్రేన్ కావాలి. ఫ్యాక్టరీలో ఆ ఏర్పాట్లు చూసే ఆంధ్రా ఇంజనీరు ఫోన్ చేశాడు.

"రేపు పొద్దున ఏడింటికి విమానాశ్రయంలో క్రేన్ పెట్టగలరాండీ?"

ముందు రేటు అడిగాను. మామూలు రేటే అన్నాడు. నేను రెండింతలు చెప్పాను. కుదరదన్నాడు.

"గట్లయితే క్రేన్ లేదు సార్" అని పెట్టేశాను.

నేను సూరత్ సలాబత్‌పురాలో చీరల కొట్ల మధ్య పెరిగినవాణ్ణి. మా నాన్న 'లేదు' అన్నాడంటే బేరం మొదలైందని అర్థం. గిరాకీ రెండు మెట్లు దిగాలి, అప్పుడు వెనక్కి పిలవాలి. చాయ్ తెప్పించుకుని కూర్చున్నాను. నా ఎదురుగానే క్రేన్, డీజిల్ కొట్టించుకుని తయారుగా ఉంది. ఫోన్ రాలేదు. గంట తరవాత నేనే చేశాను.

"క్రేన్ దొరికింది సార్. మీ రేటుకే."

"మీరు లేదన్నారు కదండీ. లేదనే వైమానిక దళానికి రాసి పంపేశాను. వాళ్ల కాగితంలో విమానం పక్కనే క్రేను, లారీ, డ్రైవరు అన్నీ ఉంటాయి. ఒక్కటి లేకపోయినా విమానం ఇటు రాదు. రేపటిది వేరే చోటికి మళ్లించారు. మనకి ఇంక ఎల్లుండే."

"జర మళ్ల రాయుండ్రి సార్. గది ఊకె అన్న మాట."

"ఊరికే అన్నారని నాకెలా తెలుస్తుందండీ?" కోపం లేకుండానే అడిగాడు.

ఎల్లుండికి విమానం వచ్చింది. ఆరింటికే క్రేన్ పెట్టాను. ట్యాంకు దిగింది, నిండింది, మధ్యాహ్నానికల్లా బయల్దేరింది. దాన్ని తీసుకెళ్లిన డ్రైవరు సూరత్‌లోనే వడోద్‌లో ఉంటాడు, తెలంగాణలో మా నాన్న జిల్లావాడే. తిరిగొచ్చాక షెడ్డులో కూర్చుని చెప్పాడు.

"సాయంత్రం దవాఖాన కాడికి పోయిన అన్నా. గేటు ముందల ఒక పెద్దాయన లారీకి దండం పెట్టిండు. లోపట మీవోళ్లున్నరా అని అడిగిన. పొద్దుగాల దాక బిడ్డ ఉండె అన్నడు. గేటు గూడ ఆయననే తీసిండు."

నా బేరం సంగతి డ్రైవరుకు తెలియదు. నేను చెప్పలేదు.

తరవాత నాతో నేనే చాలా బేరమాడుకున్నాను. ఆ పిల్ల ఎలాగూ దక్కేది కాదేమో అన్నాను. మళ్లిన విమానం ఇంకో ఊళ్లో ఎవరినో బతికించే ఉంటుంది అన్నాను. ఉండొచ్చు. అందులో నా చెయ్యేమీ లేదు.

నెలాఖరుకు ఇంజనీరు బిల్లు పంపమన్నాడు. క్రేన్ అద్దె, ఒక రోజు, మామూలు రేటు అని రాశాను. నేను పోగొట్టింది కూడా ఒక రోజే. దాన్ని ఆయన పేర వేయడానికి లేదు. అది నాదే.