సిరిసిల్ల ఆఫీసు అప్పగించిన సాబ్

మా ఆడిటర్ సాబ్ మొన్న తెల్లవారుజామున జగిత్యాలలో కన్నుమూశారు. కోరుట్ల ఆఫీసు నుంచి ఫోను వచ్చేసరికి నేను సిరిసిల్లలో చాయ్ పెట్టుకుంటున్నాను. విషయం విన్నాక పొయ్యి కట్టేసి అక్కడే నిలబడిపోయాను. అదేం మనసో గానీ, ముందు ఏడుపు రాలేదు. "ఇంకెవరు తిడతారు నన్ను?" అనిపించింది.

చాలామంది క్లయింట్లకు ఆయన పేరు కూడా తెలియదు. అందరికీ ఆడిటర్ సాబే. నేను బీకాం అయ్యాక కోరుట్ల దగ్గరి ఇబ్రహీంపట్నం నుంచి రోజూ బస్సులో కోరుట్ల ఆఫీసుకు వెళ్లేదాన్ని. ఆ రోజుల్లో ఆడిటర్ల దగ్గర వ్యవహారమంతా ఎవరో ఒక పాత గుమాస్తా తలకాయలో ఉండేది. ఆయన మంచమెక్కితే ఆఫీసూ మంచమెక్కేది. సాబ్‌కు అదంటే ఒళ్లుమంట. కంప్యూటర్లు తెచ్చారు. పని ఎక్కడిదాకా వచ్చిందో రాసిన కాగితం ప్రతి ఫైలు అట్ట లోపల అంటించాలన్నారు. కొన్నాళ్లకోసారి మా ఫైళ్లు ఒకరివి ఒకరికి మార్చేసేవారు. "నా ఫైలు" అని నోరుజారామా, అంతే!

"ఫైలు నీది గాదు బిడ్డా, ఆఫీసుది. రేపు నువ్వు రాకుంటె ఇంకోలు తెరిసి పని జెయ్యాలె. మనం లేకుంటె నడవనిది దుకాణం. మనం లేకున్నా నడిచేది ఆఫీసు."

బ్రాంచికి వస్తే పెద్ద కుర్చీలో కూర్చునేవారు కాదు. క్లయింట్ల బల్ల మీద కూర్చుని సోంపు నములుతూ అందరినీ గమనించేవారు. కాగితం మూల మడతపడితే మాత్రం కొంపలు మునిగినట్టు అరిచేవారు.

సకల జనుల సమ్మె జరిగిన ఏడు, జగిత్యాల, కోరుట్ల తర్వాత సిరిసిల్లలో మూడో ఆఫీసు తెరిచారు. "నువ్వే చూసుకోవాలె" అని నాకు అప్పగించారు. అప్పటికి సీఏ పరీక్ష మూడుసార్లు తప్పి తలెత్తుకోలేకుండా ఉన్నాను. ఆ ఏడాదిలో ఆఫీసు నిలబడకపోతే మూసేస్తానని కూడా చెప్పారు. మరమగ్గాలు నడిపే కొందరు ఆసాములు మమ్మల్ని నమ్మి లోన్ల రెన్యువల్ కోసం లెక్కలు ఇచ్చారు. వాళ్లు నిలిస్తే ఆఫీసు నిలిచినట్టే.

ఆ రోజుల గాలి అలాంటిది. బండి నంబరు మీద, దుకాణం బోర్డు మీద, పెండ్లి పత్రిక మీద, ఎక్కడ చూసినా తెలంగాణే. నేనూ ఆ ఊపులోనే ఉన్నాను. ఆసాముల ఆడిట్ రిపోర్టులన్నిటిలో రాష్ట్రం దగ్గర "తెలంగాణ" అని టైపు చేసేశాను. సాబ్ అంకెలు చూసి సంతకాలు పెట్టారు, అడ్రసు చూడలేదు. ఇంకా ఏర్పడని రాష్ట్రం పేరుందని బ్యాంకు వాళ్లు కట్ట మొత్తం తిప్పి పంపారు.

ఒక ఆసామి ఆఫీసుకొచ్చి తలుపు దగ్గరే అందుకున్నాడు. "రాష్ట్రం రావాలె చెల్లె, ఎవలు వద్దన్నరు? గని ముందుగాల నా లోను రావాలె గదా! నూలుకు పైసలేడికెల్లి తేవాలె?" సాబ్‌కు ఫోను చేసి చెప్పాను. నా పని అయిపోయిందనుకున్నాను.

మర్నాడు సమ్మె వల్ల బస్సులు లేవు. సాబ్ వేములవాడ మీదుగా స్కూటర్ మీద వచ్చారు. అంగీ మీద పప్పుచారు మరక. దారిలో రోడ్డు మీద వంటావార్పు పెట్టిన జనం అన్నం తినకుండా కదలనివ్వలేదట. "మూడు జాగల తిన్న. ఇగ రెండు రోజులు ఆకలి గాదు" అని నవ్వారు. నేను ఏడుస్తుంటే కొత్త ప్రింట్లు తీయమన్నారు. ఈసారి ప్రతి అక్షరం చదివి సంతకం పెట్టారు.

"నాకు మాత్రం ఆశ లేదా? గని ఆశ వేరు, ఆడిట్ వేరు. కావాలన్నది రాయద్దు, ఉన్నదే రాయాలె. సంతకం నాది, తప్పు సగం నాది. బ్యాంకుకు మాత్రం నువ్వే పో."

"మీరు రారా సాబ్?"

"నేనొస్తె గిది నా ఆఫీసైతది. నువ్వు పోతె నీ ఆఫీసైతది."

సాబ్ బ్యాంకు ఎదురుగా చాయ్ దుకాణంలో కూర్చున్నారు. నేను లోపలికి వెళ్లి, తప్పు మాదేనని మేనేజరుతో చెప్పాను. మేనేజరు కాగితాలు తిరగేసి చూసి తీసుకున్నాడు. లోన్లు వచ్చాయి. మగ్గాలు ఆగలేదు. మరుసటి ఏడు ఆ కోపమొచ్చిన ఆసామే తన తమ్ముణ్ని, బావమరిదిని వెంటబెట్టుకొచ్చాడు.

రాష్ట్రం వచ్చింది. నాకు పరీక్షా ఒడ్డెక్కింది. సాబ్ నన్ను పార్టనర్‌గా తీసుకున్నారు. మా దగ్గర కోనరావుపేట, ఎల్లంతకుంట నుంచి వచ్చే ముగ్గురు అమ్మాయిలు ఇప్పుడు పని నేర్చుకుంటున్నారు. నిజం ఒప్పుకోవాలి, వాళ్లను నేను నమ్మేదాన్ని కాదు. ప్రతి రిటర్నూ మళ్లీ చూసేదాన్ని. పోయిన నెల జగిత్యాల వెళ్లి కలిసినప్పుడు సాబ్ మంచంలోంచే దెప్పారు. "ఆ పిల్లలను బ్యాంకుకు పంపుతున్నవా, నువ్వే ఉరుకుతున్నవా?" నేను మాట మార్చాను.

మొన్న రిటర్నులకు ఆఖరు తేదీ. ఆఫీసు మూయలేను, అక్కడ ఉండలేను. తాళం ముగ్గురి చేతిలో పెట్టి, ఏదైనా అడ్డం పడితే వెంటనే ఫోను చేయమని పదిసార్లు చెప్పి జగిత్యాల బయల్దేరాను.

సాబ్‌ను ఖననానికి తీసుకెళ్లే జనాజా లేచింది. మగవాళ్లంతా వెంట నడిచారు. మేం ఆడవాళ్లం ఇంట్లో సాబ్ భార్య చుట్టూ కూర్చున్నాం. ఆమెను మేమంతా అక్క అన్నట్టు ఆపా అంటాం. ఆమె నా చెయ్యి పట్టుకుంది.

"ఆఫీసుల ఎవలున్నరు బిడ్డా?"

"పిల్లలున్నరు ఆపా."

"వాళ్లొక్కలేనా?"

"ఒక్కలే."

ఆమె ఏడుస్తూనే తలూపింది. నేను ఫోను ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. మధ్యాహ్నం అయింది, పొద్దు వాలింది, అది మోగలేదు. ఉండబట్టలేక నేనే చేద్దామని చేతిలోకి తీసుకున్నాను. సిరిసిల్ల నంబరు దాకా వెళ్లి, నొక్కకుండా మళ్లీ ఒళ్లో పెట్టుకున్నాను.