గురి తప్పని దొర

ఇందులో ప్రతి అక్షరం నిజమని పోచమ్మ తల్లి మీద, నా రెండు కళ్ల మీద ఒట్టేసి మొదలుపెడుతున్నాను. ఆ రోజుల్లో ఇంగ్లీషు ముక్క వచ్చినవాడంటే ఎంత గౌరవమో! (ముక్క ఎంత చిన్నదని ఎవరూ అడిగేవారు కాదు.) హుజూరాబాద్ నుంచి ఆదిలాబాద్ అడవి అంచు ఊరికి కొత్త పంతులుగా వెళ్లిన ఏడు, తహసీలు నుంచి కబురొచ్చింది: దేశదేశాల్లో బహుమానాలు గెలిచిన చెక్ దేశపు దొర ఒకాయన షూటింగ్‌కు వస్తున్నాడు, పంతులు వెంట ఉండాలి. ఊరంతా నా చుట్టూ మూగింది.

"షూటింగంటె ఏంది పంతులూ?"

"గంత తెల్వదా? వేట!" అన్నాను, గొంతు సవరించుకుని.

"దొర గురి ఎట్లుంటది బిడ్డా?" అని జింకవ్వ అడిగింది. "గన్ని బహుమానాలు ఊకెనే ఇస్తరా అవ్వా? ఒక్కటి తప్పది" అన్నాను. అన్నాక గానీ ఆమె ముఖం చూడలేదు. నా అన్నవాళ్లు లేని ఆమెకు, తల్లి చచ్చి అడవిలో దొరికిన దుప్పి పిల్ల సుక్కే సంసారం.

మర్నాడు జింకవ్వ ఇంటి ముందు జీపు దిగిన దొర మూడు కాళ్ల కొయ్య నిలబెట్టి, దానిమీద పొడుగాటి గొట్టం బిగించాడు. జింకవ్వ సుక్కను ఇంట్లోకి తోసి, బయట గడియ పెట్టి, తలుపుకు అడ్డంగా చేతులు చాపి నిలబడింది. "కాలుస్తె నన్ను గాల్చు! గా పిల్ల నోరులేనిది!" దొర ఒక కన్ను మూసి, రెండో కన్ను గొట్టానికి ఆనించాడు. (అది సినిమా కెమెరా అని నాకు అప్పుడే తెలిసింది. వేట అని ఊరంతటికీ చెప్పింది నేనే మరి.) కిర్రుమని చప్పుడు. అవ్వ కళ్లు గట్టిగా మూసుకుంది. కాసేపటికి ఒక కన్ను తెరిచి, "సచ్చిన్నా పంతులూ?" అంది.

"లేదవ్వా. బొమ్మ పట్టిండు."

"మరి గురి తప్పదంటివి?"

"తప్పలే."

వచ్చీరాని ఇంగ్లీషులో దొరకు సంగతంతా విప్పి చెప్పాను. నవ్వుతాడనుకున్నాను. టోపీ తీసి అవ్వనే చూస్తూ నిలబడ్డాడు. "గట్ల చూస్తుండేంది? ఆకలైతున్నట్టుంది, రొట్టె తింటడేమో అడుగు" అంది అవ్వ. జొన్నరొట్టె, పచ్చిమిరప తొక్కు. దొర కళ్లనిండా నీళ్లు కారుస్తూ తిన్నాడు. (తొక్కు వల్లే అనుకుంటాను.) ఆ ఏడే ఆయన దేశంలో ఆ సినిమాకు పెద్ద బహుమానం వచ్చింది. తెర మీద అవ్వ చేతులు చాపగానే హాలంతా లేచి నిలబడిందట. ఆ కబురు చెబితే అవ్వ ఒక్కటే అడిగింది: "సుక్క గూడ బొమ్మల వడ్డదా?"

"వడ్డది అవ్వా."

అంగడి రోజు వస్తే చాలు, మళ్లీ చెప్పించుకునేది. నేను హాల్లో జనాన్ని పెంచుకుంటూ పోయేవాణ్ణి.

ఇక ఒట్టు సంగతి. (ఈ మధ్య కళ్లద్దాలు వచ్చాయి, ఇంకా ఆలస్యం చేయదలచుకోలేదు.) దొర నిజం, అవ్వ నిజం, తొక్కు మరీ నిజం. ఆ బహుమానం మాత్రం నేనిచ్చిందే. దొర దగ్గర్నుంచి ఏ కబురూ రాలేదు, ఆ సినిమా ఆడిందో లేదో ఈనాటికీ తెలియదు. సుక్క బొమ్మలో పడే వీలే లేదు, తలుపుకు గడియ ఉంది కదా! ఆ గడియ పెట్టింది అవ్వే. అయినా ప్రతి అంగడికీ అడిగేది. నేను "వడ్డది" అనగానే సుక్క మెడ నిమురుతూ, "ఇన్నవా?" అనేది.