గుమ్మడికాయ వేలంలో దొరికిన గది

ముప్పై యూరోలు మిగుల్చుకోబోయి స్పెయిన్‌లో చదువునే పోగొట్టుకునేదాకా వచ్చిన తెలివి మా బజారులో నాకు తప్ప ఎవరికీ లేదు. ఈ మాట కాస్త గర్వంగానే చెబుతాను.

బాపుకు హుజూర్‌నగర్ బస్టాండు దగ్గర చెప్పుల దుకాణం. తాత ఒకరి పొలాల్లో కూలి చేసి బతికాడు. గల్లా ముందు కూర్చున్నది మా ఇంట్లో బాపే మొదలు. సాయంత్రం బడి వదిలాక నేనూ ఆ గల్లా పక్కనే పెరిగాను. అక్కడ బేరానికి ఒక పద్ధతి ఉంది. ధర కుదరకపోతే కొనేవాళ్లు చెప్పులు పక్కన పడేసి దిగిపోతారు. దుకాణానికి మూడు మెట్లు. మూడో మెట్టు మీద కాలు పడగానే బాపు, "ఓ అక్కా, జర ఆగరాదు, గంత కోపమైతే ఎట్ల?" అని పిలుస్తాడు. పిలుస్తాడని దిగేవాళ్లకూ తెలుసు.

స్పెయిన్‌లో ఒక చిన్న ఊరి యూనివర్సిటీలో సాగునీటి మీద ఏడాది పీజీ చేయడానికి వెళ్లినప్పుడు ఆ విద్యను కూడా వెంట తీసుకెళ్లాను. కాలేజీ పక్కనే మంచి గది దొరికింది. కిరాయి నెలకు రెండు వందల ఇరవై యూరోలు. నేను నూట తొంభై అన్నాను. నాకు స్పానిష్ అప్పటికి అంకెల వరకే వచ్చు. బేరానికి అంతకంటే ఏం కావాలి? ఇంటావిడ నవ్వుతూ కుదరదంది. సంచి భుజాన వేసుకుని మెట్లు దిగాను, మెల్లగా, ఒక్కో మెట్టు మీద ఆగుతూ. ఆవిడ మర్యాదగా వీడ్కోలు చెప్పి తలుపు వేసుకుంది. గంట ఆగి సిగ్గు విడిచి మళ్లీ వెళ్తే గది ఇంకొకరికి ఇచ్చేసింది.

బాపుకు ఫోన్ చేశాను.

"పిలిచిందా బిడ్డా?"

"పిలువలే."

"ఎంత దూరం పోయినవ్?"

"బస్టాపు దాంక పోయిన."

"గంత దూరం ఎవలు పొమ్మన్నరే నిన్ను? మూడు మెట్లంటే మూడే!"

వెనక నుంచి అమ్మ గొంతు: "ప్రార్థన జేసుకొని పోయినవా, ఊకెనే పోయినవా?"

"ప్రార్థన జేస్తే కిరాయి తగ్గుతదా?" అన్నాడు బాపు.

"నీ అసొంటోళ్ల బేరానికి తగ్గిందా మరి?"

వాళ్లిద్దరూ అక్కడ తగువు పడుతుంటే నేను ఇక్కడ మిగిలిన రోజులు లెక్కపెట్టుకుంటున్నాను. వచ్చిన నెల లోపల కిరాయి కాగితం చూపించి మున్సిపల్ ఆఫీసులో చిరునామా నమోదు చేయించుకోవాలి. అది లేనిదే నివాస కార్డుకు దరఖాస్తు తీసుకోరు. కార్డు లేకపోతే చదువు అక్కడితో సరి, తిరుగు విమానమే. అప్పటికి నేను ఒకే గదిలో ఎనిమిది మంచాలున్న హాస్టల్లో ఉన్నాను. వాళ్లు కాగితం ఇవ్వరు. ఆ తర్వాత చూసిన గదుల్లో ఎక్కడా బేరమాడలేదు. అయినా ఒకచోట ఎవరో ముందే వచ్చారు, ఇంకొకచోట కాగితం మీద సంతకం పెట్టేది లేదన్నారు. చూస్తుండగానే తొమ్మిది రోజులే మిగిలాయి.

ఆ ఆదివారం ఒక చిన్న చర్చికి వెళ్లాను. నలభై మంది కూడా లేరు. పాట మాటలు అర్థం కాలేదు గానీ, రాగం మా ఊళ్లో పాడేదే. ఆరాధన అయ్యాక వరండాలో బల్ల మీద తమ తోటల్లో పండినవి పెట్టి అమ్ముతున్నారు. చర్చి పైకప్పు కురుస్తోందట, ఆ డబ్బు మరమ్మతుకట. ఒక గుమ్మడికాయ మీద రెండు యూరోలని చీటీ అంటించి ఉంది.

మా ఊళ్లో కోత పండుగనాడు మొదటి పంట తెచ్చి చర్చిలో పెడతారు. ఆరాధన కాగానే వాటిని వేలం వేస్తారు: సొరకాయ, నాటుకోడి, గంపెడు వడ్లు. దేవుడికిచ్చిన దానికి ధర తగ్గించి అడగడమంత తలవంపు ఇంకోటి లేదు. చెప్పుల మీద ఐదు రూపాయలు వదలని బాపు ఆ రోజు ఒక్క నిమ్మకాయకు మూడు వందలు పాడి, ఊరంతా చూసిందో లేదోనని నాలుగు దిక్కులా చూస్తాడు.

ఆ అలవాటున నేను మూడు అన్నాను.

బల్ల వెనక కూర్చున్న ముసలామె నాకు చదవడం రాదనుకుంది. "రెండే, అమ్మాయీ" అని చీటీ చూపించింది.

"మూడు."

నా వెనకున్న పెద్దమనిషికి ఏం తోచిందో, "నాలుగు!" అన్నాడు. ఇంకెవరో ఐదన్నారు. నేను ఆరన్నాను. అందరూ మూగారు. పద్నాలుగు దగ్గర పాట నా మీద నిలిచి, చప్పట్లు మోగాక గానీ నాకు తెలివి రాలేదు. అది నా మూడు రోజుల తిండి డబ్బు.

"ఇంత కాయ ఎక్కడ వండుకుంటావు?" అని అడిగింది ముసలామె.

వంటిల్లు లేదన్నాను. ఆ మూడు వారాల్లో పట్టుబడిన మాటలతో సగం, చేతులతో సగం నా కథంతా చెప్పాను. మెట్లు దిగిన సంగతి దగ్గర ఆమె కళ్లనీళ్లు వచ్చేలా నవ్వింది. ఆ తర్వాత, "మా ఇంట్లో వెనక గది ఖాళీగా ఉంది. రెండుకొచ్చేదానికి పద్నాలుగిచ్చే పిల్ల నా కిరాయి ఎగ్గొట్టదులే. ఎంత ఇవ్వగలవు?" అంది.

ముందు ధర చెప్పినవాళ్లు ఓడినట్టేనని మా దుకాణంలో పిల్లలకు కూడా తెలుసు. నేను రెండు వందల ముప్పై అనేశాను. మంగళవారం పొద్దున ఆమె నాతో ఆఫీసుకు వచ్చి కాగితాల మీద సంతకం పెట్టింది.

ఎండలు ముదిరాక ఒకరోజు చిక్కుళ్లు వలుస్తూ చెప్పింది, నూట ఎనభై అడుగుదామనుకుందట. నేను అంత చెప్పేసరికి, ధర పైకి పాడడం మా దేశాచారమేమో, కాదంటే నొచ్చుకుంటానేమో అనుకుందట.

"ఇప్పుడు తగ్గించొచ్చుగా?" అన్నాను.

"సంతకాలైపోయాయిగా" అంది గింజలు గిన్నెలో వేస్తూ.

బాపుకు చెబితే, "గామె మన దుకాణంల కూసోవల్సిన మనిషి బిడ్డా" అన్నాడు.

ఇక మొత్తం పద్దు. తొమ్మిది నెలలకు నెలకు యాభై చొప్పున ఎక్కువిచ్చింది నాలుగు వందల యాభై. గుమ్మడికాయ మీద పన్నెండు. ఆదివారాలు చర్చి నుంచి వచ్చాక ఆమె పెట్టిన భోజనాలు ముప్పై ఆరు. హోటల్ ధరన పదేసి వేసుకుని మూడు వందల అరవై తీసేస్తే, నికరంగా నూట రెండు యూరోలు నష్టం. పీజీ పట్టా చేతికొచ్చింది కదా, దాన్ని నా తెలివి ఖాతాలో రాసుకుందామని చాలాసార్లు చూశాను, లెక్క ఒప్పలేదు. అది ఆమె మంచితనం, ప్రభువు దయ. నా తెలివి ఖాతాలో పడేది ఆ నూట రెండే.